మంద మళ్లే దాకా

ఆ కుక్క మూడు రోజులుగా ఏమీ తినలేదు.

పాలలో రొట్టె నానబెట్టి పెట్టాను. పెరుగన్నం పెట్టాను. కోడికూర పులుసు కలిపి పెట్టాను. కొత్త స్టీలు గిన్నెలో, మెత్తటి గోనెపట్టా పక్కన, ఫ్యాను గాలి తగిలేచోట. ఆడకుక్క. గిన్నె వైపు చూసేది, నా వైపు చూసేది, తర్వాత తల తిప్పుకుని గోడ వైపు పడుకునేది. కళ్లలో కోపం లేదు. చేయకూడని పనేదో చేయమని నేను బలవంతపెడుతున్నట్టు ఒక ఇబ్బంది మాత్రం ఉండేది.

నకిరేకల్ నిమ్మకాయల మార్కెట్ వెనక మా ఇల్లు. జూనియర్ కాలేజీలో ముప్పై ఏళ్లు బాటనీ చెప్పి రిటైరయ్యాను. ఫిబ్రవరిలో ఒక పొద్దున నడకకు వెళ్తే హైవే పక్క కాలువలో, ముళ్లకంప కింద కనబడింది. వెనక కాలు నలిగిపోయింది. లారీ తగిలినట్టుంది. పక్కింటి మల్లేష్ ఆటో తెచ్చాడు. ఇద్దరం గోనెసంచిలో ఎత్తి పశువుల దవాఖానకు తీసుకుపోయాం. డాక్టరు కట్టు కట్టి, "తింటే బతుకుతది" అన్నాడు. చీటీ మీద పేరు రాయాల్సినచోట 'జాషువా సారు కుక్క' అని రాశారు.

ఆ మాట రెండుసార్లు చదువుకున్నాను. నా భార్య కోమల పోయి అప్పటికి ఏడాదిన్నర. ఆ తర్వాత నా పేరు పక్కన ఇంకో ప్రాణాన్ని ఎవరైనా రాయడం అదే మొదలు.

నాలుగో రోజు కట్టు మార్చడానికి దవాఖానలో పనిచేసే నాగరాణి వచ్చింది. గొర్లు కాసే ఇంట పుట్టిన పిల్ల. గడపలో నిలబడి గిన్నెను, కుక్కను, నన్ను వరుసగా చూసి, చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"ఏం సారు, గిన్నెల పెట్టినవా?"

"మరి విస్తరేయాల్నా?"

"గిది మందకుక్క సారు. సూడు, మెడకు పట్టె ఒరుసుకపోయిన గుర్తు. గొర్ల మందకాడ పాలచెంబు, గటక కుండ అన్నీ నేలమీదనే ఉంటయి గద. గిన్నెల మూతి పెట్టిందంటే కట్టెతోని ఒక్కటిస్తరు. పిల్లప్పటి సంది గదే నేర్పుతరు. ఇంట్ల అడుగు పెట్టద్దు, గిన్నె ముట్టద్దు. నువ్వేమో నట్టింట్ల పండబెట్టి, గిన్నెల పోసి, తినే తినే అంటున్నవు. గది ఎన్ని దెబ్బలు పడ్తయో అని పరేషాన్ల ఉన్నది."

మూడు రోజులు నేను ఆ ప్రాణాన్ని ప్రేమతో మాడ్చానన్నమాట.

నాగరాణి వంటింట్లోకి పోయి డబ్బాలన్నీ మూతలు తీసి చూసి, జొన్నరవ్వ పట్టుకుని గటక వండింది. కుక్కను ఇద్దరం పెరట్లోకి మోశాం. బట్టలుతికే బండ మీద గటక కుమ్మరించి చేత్తో పరిచింది.

"ఇగ నువ్వు మొకం అటు తిప్పుకో సారు. గుడ్లప్పగించి సూస్తే తినది."

గోడ వైపు తిరిగి నిలబడ్డాను. ఎంతమంది పిల్లలను అట్లా మూలకు నిలబెట్టానో గుర్తొచ్చింది. కొంతసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత వెనక నుంచి నాలుక బండను గీకే చప్పుడు వినబడింది. ఆ చప్పుడు ఆగేదాకా నేను ఇటు తిరగలేదు. తిరిగేసరికి బండ తడిగా మెరుస్తోంది.

నెలకు కట్టు విప్పారు. వెనక కాలు నేలకు ఆనీ ఆనకుండా, ఒక వైపు ఒరిగి నడిచేది. ఇంట్లోకి మళ్లీ రాలేదు. పెరట్లో నిమ్మచెట్టు మొదట్లో పడుకునేది. నేను పేరు పెట్టలేదు. పేరు పెడితే ఆమె ఇక నాదేననుకుంటానని భయం. పెట్టకుండానే అట్లా అనుకోవడం మొదలైంది.

సాయంత్రం ఐదున్నర దాటగానే లేచి గేటు దగ్గరికి పోయేది. తూర్పు దారికి మొహం పెట్టి కూర్చునేది. వరి కోతలయ్యాక ఏటా పాలమూరు వైపు నుంచి గొర్ల మందలు మా దిక్కు వస్తాయి. ఎరువు కోసం రైతులు పొలాల్లో మందలను ఆపించుకుంటారు. జూన్‌లో మిరుగు కార్తె వచ్చి వానలు మొదలవుతుంటే తిరిగి వాళ్ల ఊళ్లకు మళ్లిపోతాయి. ఆ ఫిబ్రవరిలో ఒక మంద తెల్లవారుజామున హైవే దాటి కేతేపల్లి మీదుగా మూసీ ఆయకట్టు వైపు పోయిందని మల్లేష్ కనుక్కుని వచ్చాడు. ఆమె చూసేది ఆ దారినే.

ఆ వేళకు నేనూ గేటు దగ్గరే ఉండేవాణ్ణి. కోమల కేతేపల్లి దవాఖానలో నర్సుగా చేసింది. ఐదూ నలభై ఐదు బస్సుకు మార్కెట్ ముందర దిగేది. భుజాన సంచి, చేతిలో ఎవరో బాలింత వాళ్లింటి నుంచి ఇచ్చిన కాకరకాయలో, సొరకాయో. ఆమె వస్తుందని నేను చాయ్ పెట్టి సిద్ధంగా ఉండేవాణ్ణి. ఆ బస్సు ఇప్పటికీ అదే వేళకు వస్తుంది. హారను వినబడగానే కాళ్లు వాటంతటవే గేటు దాకా నడుస్తాయి. దిగేవాళ్లు దిగుతారు. బస్సు పోతుంది.

అట్లా ఇద్దరం తూర్పుకే చూస్తూ ఉండేవాళ్లం. చీకటి పడబోతుంటే ఎవరో ఒకరు ముందు లేవాలి కదా. ఎక్కువసార్లు నేనే లేచేవాణ్ణి.

మార్చి చివర్లో నాగరాణి ఒక చీటీ తెచ్చింది.

"మా చిన్నమ్మ బిడ్డను కోస్గి కాడ ఇచ్చినం సారు. మంద ఆళ్ల ఊరోళ్లదేనట. జానయ్య అని. గిది ఆయన నంబరు. కుక్క సచ్చిపోయిందనుకుంటున్నరట."

"కాలు ఇంకా జర గట్టిపడని" అన్నాను.

చీటీని కోమల బైబిల్లో పెట్టాను. పది రోజుల తర్వాత నాగరాణి అడిగింది, ఫోన్ చేసినవా అని. "ఎత్తుతలేరు" అన్నాను. ఆ అబద్ధం చాలా తేలికగా వచ్చింది. ఏప్రిల్ అంతా ఆ పుస్తకం తెరవలేదు. జానయ్య వస్తే ఆమెను తీసుకుపోతాడు. పెరట్లో ఎవరూ లేని ఇంటికి నేను మళ్లీ తిరిగి రావాలి. దాన్ని తప్పించుకోవడానికి ఒక ఫోన్ చేయకపోతే చాలు.

మే నెలలో ఒక సాయంత్రం దారి మీద మంద వచ్చింది. వేరే ఎవరిదో మంద. గొర్ల మెడల గంటలు వినబడగానే ఆమె లేచింది. నేను పట్టుకునేలోగా గేటు కింది సందులోంచి దూరి, ఒరిగిపోతూనే పరుగెత్తి మందలో పడింది. ఒక్కొక్క గొర్రెను మూతితో వాసన చూస్తూ ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లింది. ఆ మంద కుక్కలు రెండు మీదపడ్డాయి. కాపరి కట్టె విసిరాడు. తిరిగి వచ్చేసరికి చెవి చిరిగి రక్తం కారుతోంది. పెరట్లోకి రాలేదు. గేటు బయట కూర్చుని, మంద పోయిన వైపు కాకుండా, మళ్లీ తూర్పు వైపే చూసింది.

లోపలికి పోయి బైబిల్ తెరిచాను.

ఫోన్ ఎత్తిన గొంతు వెనక గొర్ల అరుపులు. నేనెవరో చెప్పి, కుక్క సంగతి చెప్పాను.

"బతికే ఉన్నదా?"

"ఉన్నది. వెనక కాలు కుంటది."

"ఎన్నడు దొరికింది సారు?"

"ఫిబ్రవరిల."

"మరి గిన్ని దినాలు…" అని ఆగిపోయాడు జానయ్య. అడగాల్సింది అడగలేదు. కొద్దిసేపటికి, "తింటున్నదా మంచిగ?" అన్నాడు. ఆయన అడగకుండా వదిలేసిన ఆ మాటకు నేను ఈరోజుకీ రుణపడి ఉన్నాను.

మిరుగు కార్తె మొదలైన మూడో రోజు వాళ్లు వచ్చారు. గంటలు వినబడుతూనే నేను గేటు తీసి పెట్టాను. ఈసారి ఆమె పరుగెత్తలేదు. నిలబడి, గాలి పీల్చి, కడుపు నేలకు ఆనించి పాకినట్టుగా వెళ్లి జానయ్య చెప్పుల మీద తల పెట్టింది. యాభై దాటిన మనిషి, భుజాన గొంగడి. కింద కూర్చుని ఆమె వెనక కాలును చేత్తో తడిమి చూశాడు. ఆయన భార్య బక్కమ్మ వచ్చి కుక్క చిరిగిన చెవిని పట్టుకుని, "ఏమే పోచీ, మమ్ములనిడిసి సారు ఇంట్ల కోడికూర తిన్నవట" అంది. ఆ పేరు వినగానే తోక నేలను కొట్టింది. నాలుగు నెలల్లో నేను ఆ చప్పుడు వినలేదు.

జానయ్య లేచి నిలబడ్డాడు.

"సారు, మీరు మంచిగ సాదిన్రు. గని దీన్ని తోల్కపోలేను."

నాకు అర్థం కాలేదు.

"కోస్గి దాకా ఇరవై దినాల నడక. దినానికి మూడు నాలుగు కోసులు. గీ కాలుతోని తోవలనే పడిపోతది. గాడిద మీద సామాన్లకు, గొర్రెపిల్లలకే జాగా సాలుతలేదు. ఇంటికి చేరితే ఫికర్ లేదు, చుట్టుపక్కలనే మేపుతం. తోవనే కష్టం. నీ కాడనే ఉండనియ్యి."

నేను కోరుకున్నదే అది. అడగకుండానే చేతిలో పెట్టాడు. సరేనంటే చాలు, గేటు మూసుకోవచ్చు.

పోచి అప్పటికి మందలోకి పోయింది. ఒక ముసలి గొర్రె దాని మెడ దగ్గర వాసన చూసి పక్కకు జరిగి చోటిచ్చింది. మిగిలినవి మేత ఆపలేదు. పోచి ఉండాల్సినచోటే ఉన్నట్టు తింటూనే ఉన్నాయి. కోమల ఇప్పుడు బస్సు దిగి వస్తే అన్నీ వదిలేసి ఆమె దగ్గరికే పోతానని తెలిసిన మనిషిని. దీన్ని గేటులో నిలబెట్టి, ఆ మందను దీని ముందు నుంచే పోనిచ్చి, రేపు ఐదున్నరకు దీని పక్కన ఏ మొహంతో నిలబడాలి?

"తోవ దాకానే గద కష్టం" అన్నాను. "నేను తెస్త."

"ఎట్ల తెస్తవు?"

"బండి మీద. పొద్దున మీరు నడుస్తరు. మీ మజిలీ కాడికి సాయంత్రం నేను తెచ్చి దింపుత. రాత్రి మీ కాడనే పండుత. పొద్దున మళ్ల ఎక్కించుకుంట."

బక్కమ్మ కొంగు నడుముకు దోపుకుంటూ భర్త వైపు తిరిగింది.

"ఇంటున్నవా? కుక్కను బండెక్కించి ఊరేగిస్తడట సారు. నాకు లగ్గమైనప్పుడు ఎడ్లబండి గుడ కట్టలేదు మీరు."

"ఇరవై దినాలు సారు" అన్నాడు జానయ్య.

"నాకు ఇంట్ల ఏం పనున్నది?"

వరండాలో కోమల స్కూటీ కప్పిపెట్టి ఉంది. నేనెప్పుడూ వెనక కూర్చున్నవాణ్ణే. మెకానిక్ కొత్త బ్యాటరీ వేసి, హ్యాండిలు దులిపి, "సారు, మీకొస్తదా?" అని అనుమానంగా అడిగాడు. మార్కెట్ ఖాళీ స్థలంలో గంటసేపు తిరిగాను. మల్లేష్ ఆటోలో కూర్చుని, బ్రేకు ఎక్కడుందో అరిచి చెప్పాడు.

మర్నాడు మధ్యాహ్నం పోచిని కాళ్లు పెట్టుకునేచోట కూర్చోబెట్టి నల్గొండ దారి పట్టాను. మొదట వణికింది. తర్వాత గడ్డం నా మోకాలి మీద ఆనించింది. చాయ్ హోటళ్ల ముందు జనం చూసి నవ్వారు. ఎవరో పాత విద్యార్థి "సార్, నమస్తే" అంటూ లేచి, కుక్కను చూసి అట్లాగే నిలబడిపోయాడు. చెయ్యి ఊపుదామంటే బండి వంకర పోతుందని తల మాత్రం ఊపాను.

చెప్పిన బీడు భూమికి మంద కంటే మేమే ముందు చేరాం. పొద్దు వాలుతుంటే దుమ్ము కనబడింది, తర్వాత గంటలు. పోచి దూకింది. మంద చుట్టూ ఒరుగుతూ ఒక్క చుట్టు తిరిగింది. అన్నీ ఉన్నాయని తేల్చుకున్నట్టుగా అవతలి అంచున, మందకు వీపు పెట్టి, బయటి చేను వైపు చూస్తూ పడుకుంది.

నేను దూరంగా గట్టు మీద కూర్చుని, అది ఒక్కసారి ఇటు తిరుగుతుందేమోనని చూస్తున్నాను. బక్కమ్మ మూడు రాళ్ల పొయ్యి మీద గటక కలుపుతూ నన్ను గమనించింది.

"సూడదు సారు. పనిల ఉన్నది."

తర్వాత బండి వైపు చూసింది. "బండి ఎవ్వరిది, గులాబి రంగుది?"

"నా భార్యది."

"తోల్కరాకపోయినవు?"

"లేదమ్మా. పోయింది. రెండేళ్లయితాంది."

గరిటె ఆగింది. ఊళ్లో అందరూ ఈ మాట దగ్గర అయ్యో అని, విషయం మార్చేస్తారు. బక్కమ్మ అట్లా చేయలేదు.

"ఏం పేరు సారు, ఆమె పేరు?"

"కోమల" అన్నాను. ఎదుటి మనిషి వినడానికి ఆ పేరు పలికి ఎన్నాళ్లయిందో. ఇంకోసారి స్పష్టంగా చెప్పాను.

"కోమల" అని బక్కమ్మ తన నోట అనుకుని, నా కంచంలో గటక వేసి, మధ్యలో గుంట చేసి మజ్జిగ పోసింది. జానయ్య గొంగడి సగం నా వైపు పరిచాడు.

"రేపటి మజిలీ నల్గొండ దాటినంక సారు. లారీలు ఎక్కువ. జర పైలంగ రా."

వస్తానన్నాను.