ఇరవై నిమిషాల పెట్టె

తెల్లవారుజామున ఐదింటికే గజేందర్ సైటాఫీసు కంప్యూటరు ముందు కూర్చున్నాడు. మెడలో తడి తువ్వాలు, పక్కన చల్లారిన, పాలు లేని సులేమానీ చాయ్. ఎనిమిదింపావుకు ఎయిర్‌పోర్టు బస్సు ఎక్కాలి, కాంట్రాక్టు అయిపోయింది. ఆరేళ్ళు హాజరు రాసిన మనిషి పోతున్నాడని ఈ ఎడారి దేశంలో, అల్ ఘర్రాఫా రోడ్డు సైటులో ఎవరికీ పట్టలేదు. ఎందుకు పడుతుంది లెండి!

అతనికి మిగిలింది ఒక్క పని. ఫుట్‌బాల్ ప్రపంచకప్పు దగ్గరపడేకొద్దీ రోడ్డు పనికి తొందర ఎక్కువైంది. అయినా ఎండలో పనిచేసేవాళ్ళు గంటకోసారి ఇరవై నిమిషాలు నీడలో కూర్చోవాలి. ఆ నిమిషాలను కంప్యూటరు తెరమీద లెక్కపెట్టే చిన్న డైలాగ్ పెట్టెను గజేందరే తయారుచేశాడు. టైమర్ సెకనుకోసారి టిక్కుమంటుంది, అన్నప్పుడల్లా ఒక అంకె తగ్గుతుంది. షెడ్డులో ఎత్తున కట్టిన టీవీలోనూ అదే కనిపిస్తుంది. పెట్టె మాయమైతేనే లేవాలి, పద్ధతి అది.

ఫోర్‌మన్ జహాంగీర్‌కు కిటుకు దొరికిపోయింది. పన్నెండో నిమిషంలోనే పెట్టె మూలనున్న ఇంటూ గుర్తు నొక్కేవాడు. పెట్టెతోపాటు టైమరూ చచ్చేది. పోయినవారం అలా లేచిన గంగన్న నాలుగడుగులేసి కుప్పకూలాడు. గజేందర్ ఊరివాడే, తండ్రి వయసువాడు. తన పెట్టే ఆయన్ను పడగొట్టిందని గజేందర్‌కు అన్నం సయించలేదు.

అందుకే పోయేలోపు దాన్ని మారుస్తున్నాడు: సున్నా పడేదాకా ఎవరు మూసినా పెట్టె మూతపడకూడదు. గంటకోసారి తనంతట తానే తెరుచుకోవాలి. మొదటిసారి నడిపి చూసినప్పుడు, సున్నా పడ్డాక టైమర్ ఆపడం మరిచాడు. "టైం అయింది" అన్న సందేశాలు సెకనుకొకటి చొప్పున తెరంతా కమ్మేశాయి. ఓరి నాయనో అనుకుని, ముందు టైమర్ ఆపి తర్వాత సందేశం చూపేలా దిద్దాడు.

ఎనిమిదింటికి పెట్టె తెరుచుకుంది. పన్నెండు నిమిషాలకు జహాంగీర్ వచ్చి నొక్కాడు. మళ్ళీ నొక్కాడు.

"ఏందిర ఇది? బంద్ అయితలేదు?"

"కాదు భాయ్. సున్నా పడాలె."

"కంప్యూటరే బంద్ చేస్త!"

"చెయ్యి. అందరి హాజరు ఆగుతది. ఆఫీసోళ్ళకు నువ్వే చెప్పుకో."

జహాంగీర్ మౌస్ వదిలేశాడు. "ఇంటికి పోయేటోనికి గింత పంతమెందుకుర?"

"గంగన్న కాక ఈడనే ఉంటడు గద భాయ్."

గజేందర్ సంచి భుజాన వేసుకుని వెళ్ళి బస్సెక్కాడు.

బస్సు షెడ్డు పక్కనుంచి మళ్ళింది. గంగన్న గుంజకు వీపు ఆనించి, బూట్లు విప్పి, నింపాదిగా నీళ్ళు తాగుతున్నాడు. ఎవరూ లేవలేదు. గజేందర్ కళ్ళు తుడుచుకుని మెడ తిప్పి చూశాడు. పైన టీవీలో ఇంకా నాలుగు నిమిషాల పది సెకన్లు ఉన్నాయి.