బూడిదరంగు దుప్పట్లు

ఆ ఆసుపత్రి లాండ్రీలో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్న పెద్దాయనను అందరూ తెలుపు మామ అంటారు. గుడ్డ మీద మరక కనిపిస్తే ఆయనకు అన్నం సయించదు. చుట్టాలింటికి వెళ్లినా మనుషులకంటే ముందు వాళ్ల కర్టెన్లనే పలకరిస్తాడని భార్య దెప్పుతుంది.

ఆ భార్యే నాలుగేళ్ల కిందట స్టవ్ మంట అంటుకుని కాలిన గాయాల వార్డులో నలభై ఒక్క రోజులు ఉంది. పుండ్లు చీము పట్టాయి. ఇక ఆశ వదులుకోమన్నారు. వార్డు నర్సమ్మ మాత్రం వదల్లేదు. భార్య తన కాళ్ల మీద నడిచి ఇంటికొచ్చిన రోజు నుంచి ఆ వార్డు దుప్పట్లను మామ ఇంకొకరి చేతికి ఇవ్వడు. వాటికి వేరే మెషిన్, వేరే నీళ్లు, రెండింతల బ్లీచింగ్. కృతజ్ఞత చెప్పుకోవడానికి ఆయనకు మాటలు రావు, ఉతకడం వచ్చు.

ఈమధ్య ఆ వార్డుకు ముప్పై కొత్తరకం దుప్పట్లు వచ్చాయి. పక్క వీధి ప్రయోగశాలలో ఒకమ్మాయి మూడేళ్లు కిందామీదా పడి తయారుచేసినవి. గాలి తీసేసిన పెట్టెలో బట్టను ఉంచి, దాని మీద వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా లేని వెండి పూత పూస్తుంది. ఆ వెండి తగిలితే క్రిములు చస్తాయి. పూత వల్ల బట్టకు కాస్త బూడిదరంగు వస్తుంది. బ్లీచింగ్ వాడవద్దని కట్ట మీద కాగితం కూడా అంటించింది.

కాగితం మామ చదివాడు. కానీ ఆ రంగు చూశాక మనసొప్పలేదు. తన ఆవిడను బతికించిన మంచాల మీద ఈ మాసిన గుడ్డలా? మూడు తడవలు బ్లీచింగ్‌లో నానబెట్టాడు. మల్లెపూలలా తేలాయి. ఆ రోజు మామ కాళ్లు నేల మీద లేవు.

నెల తిరక్కుండా ఆ అమ్మాయి వాడిన మొహంతో లాండ్రీకి వచ్చింది.

"పెద్దాయనా, నా దుప్పట్లు కట్టలు కట్టించండి. తీసుకెళ్లిపోతాను."

"అదేంటమ్మా?"

"ముక్క కత్తిరించి క్రిముల్లో పెట్టి చూశాం. దాని చుట్టూ సుబ్బరంగా పెరుగుతున్నాయి. మామూలు ఉతుకుకే పూత పోతోందని రేపు డాక్టర్లు ఇది ఆపేస్తారు. ఎక్కడ తప్పు చేశానో నాకే అంతుపట్టట్లేదు."

నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. ఆ కాగితం ఎప్పుడో చెత్తలో కలిసింది. ఇరవై రెండేళ్ల పేరు నిలబడుతుంది. అయితే ఇప్పుడు ఆ వార్డులో చీము పట్టిన పుండ్లతో పడుకున్నవాళ్లో?

"తప్పు నీది కాదు తల్లీ, నాది," అన్నాడు. జరిగిందంతా దాచకుండా చెప్పి తల దించుకున్నాడు.

ఆమె సబ్బు డబ్బా మీద కూలబడింది. "మూడుసార్లా?"

"మూడుసార్లు."

తిట్లు పడతాయనుకున్నాడు. ఆమె కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. "వారం రోజులుగా పూత మెషిన్ మొత్తం విప్పి బిగిస్తున్నాను పెద్దాయనా. మీరు చెప్పకపోతే మూడేళ్ల పని మట్టిపాలయ్యేది. మీ మేలు మర్చిపోను."

"తిట్టాల్సిన మనిషికి మేలు అంటావేంటమ్మా," అన్నాడు మామ.

మర్నాడు డాక్టర్ల ముందు నిలబడి తప్పు తనదేనని మళ్లీ చెప్పాడు. మందలించారు. మరో రెండు నెలల గడువు మాత్రం ఇచ్చారు. ఆమె కొత్తగా పూత పూసి పంపిన దుప్పట్లను మామ గోరువెచ్చని నీళ్లలో, ఉత్త సబ్బుతో, చేయి కట్టేసుకున్నట్టుగా ఉతికాడు. బ్లీచింగ్ డబ్బా వైపు చూడకుండా ఉండటం ఆయనకు పెద్ద తపస్సే అయింది. గడువు తీరాక ఆమె గాజు పళ్లెం తెచ్చి చూపించింది. గుడ్డ ముక్క చుట్టూ ఒక్క క్రిమి లేదు. దుప్పట్లు వార్డులో ఉండిపోయాయి.

ఆ మధ్యాహ్నం మామే వాటిని పైకి మోసుకెళ్లాడు. కిటికీ పక్క మంచం మీద కాలిన చేతులతో ఒకావిడ పడుకుని ఉంది. పక్కనే ఆమె భర్త, నిద్ర లేక పీక్కుపోయిన మొహంతో నిలబడి ఉన్నాడు. పరుస్తున్న దుప్పటిని అనుమానంగా చూశాడు.

"ఇది మాసినట్టుందండీ. తెల్లగా ఉతికింది లేదా?"

ఇరవై రెండేళ్లలో మామను ఆ మాట అన్నవాళ్లు లేరు. ఆయన అంచు సర్ది, ముడత పోయేలా అరచేత్తో నిమిరాడు.

"తెల్లగా ఉతకడం నాకు చేతకాక కాదు బాబూ. మీ ఆవిడ ఇంటికి రావాలని ఇలా ఉతికాను."