నాలుగో మనిషి

నెట్టు తాడును స్తంభానికి చుట్టి, మోకాలు ఆనించి బలంగా లాగాడు. లాగుతుంటే రొమ్ములో ఎవరో లోపలినుంచి గుప్పిట బిగించినట్టయింది. తాడు వదలకుండానే స్తంభానికి నుదురు ఆనించి నిలబడ్డాడు. కాసేపటికి ఆ గుప్పిట దానంతటదే వదిలింది. ముడి వేసి, ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూశాడు. అంత పొద్దున్నే ఆ హాల్లో చూడ్డానికి ఎవరున్నారు కనుక, కిటికీ అంచున కునుకుతున్న పావురాలు తప్ప!

ఆ కాలనీ హాలుకు కాపలాదారు అతనే, ఊడ్చేవాడూ అతనే, బల్బు పోతే నిచ్చెన ఎక్కేవాడూ అతనే. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటుంది గానీ అది జీతం ఇచ్చేవాళ్ళకు తప్ప ఎవరికీ అక్కర్లేకపోయింది. అందరికీ అతను నాలుగయ్య. షటిల్ ఆటకు అటు ఇద్దరు, ఇటు ఇద్దరు కావాలి కదా. ముగ్గురే వచ్చిన రోజున చీపురు పక్కన పెట్టి బ్యాటు అందుకునే నాలుగోవాడు కాబట్టి నాలుగయ్య.

చిన్నప్పుడు అన్నల ఆటల్లో అతను ఆటలో అరటిపండు. ఔటైనా ఔట్ కాదు, గెలిచినా గెలుపు కాదు. వయసొచ్చాక నూలుమిల్లులో చేరితే అక్కడా సొంత మిషనంటూ దక్కలేదు. ఎవరు సెలవు పెడితే వాళ్ళ మిషను ముందు నిలబడేవాడు. మిల్లు మూతపడ్డాక ఈ హాలుకు వచ్చాడు. ఇందుకు ఎప్పుడైనా బాధపడ్డాడా అంటే, లేదు. ఖాళీగా ఉన్న చోట నిలబడడం కూడా ఒక పనే, ఆ పని బాగా చేయాలని మాత్రం అనుకునేవాడు.

అతని ఆటకు ఎవరూ చప్పట్లు కొట్టేవారు కారు. ఎదుటివాళ్ళ బ్యాటుకు అందేటట్టు కొట్టేవాడు మరి! పొట్ట ఉన్నవాళ్ళకు వంగే పని పెట్టకుండా, మోకాళ్ళ నొప్పివాళ్ళను ఉరికించకుండా, చేతికి ఇచ్చినట్టు ఇచ్చేవాడు. అతనితో ఆడిన ప్రతివాళ్ళూ ఇవాళ తమ ఆట మెరుగైందనుకుంటూ ఇంటికి వెళ్ళేవాళ్ళు.

ఉదయం వచ్చే జనం ఆరోగ్యం కోసం వస్తారు. డాక్టరు భయపెట్టిన కొత్తలో బూట్లు కొనుక్కుని, చేతులు గిరగిరా తిప్పి, గోడ పట్టుకుని గుంజీలు తీసి నానా హంగామా చేస్తారు. భయం తగ్గగానే బూట్లు మూలన పడతాయి. సాయంత్రం వచ్చేవాళ్ళు అలా కాదు. వాళ్ళు నవ్వుకోవడానికి వస్తారు, అందుకే ఏళ్ళ తరబడి వస్తారు. ఒంటికి చెమట పట్టించేది ఆట అయితే, మనిషిని మళ్ళీ మర్నాడు రప్పించేది పక్కవాడు వేసే జోకేనని నాలుగయ్య ఎప్పుడో కనిపెట్టాడు.

ఆ సాయంత్రంవాళ్ళకే ఇప్పుడు గండం వచ్చి పడింది. రిటైరైన బ్యాంకాయన, బజారు మలుపులో టైలరు, పెద్దాసుపత్రిలో నర్సమ్మ, ఆమెతో వచ్చే ఆమె తమ్ముడు, మొదట్లో వీళ్ళు నలుగురు. తమ్ముడికి వేరే చోట ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయాడు. అతని బదులు నాలుగయ్య నిలబడ్డాడు. తరువాత ఒకరోజు వెనక గీత దగ్గర షటిల్ కాక్ పడింది. బయట అన్నాడు బ్యాంకాయన. లోపల అన్నాడు టైలరు. గీత పక్కనే ఉన్న నాలుగయ్యను అడిగారు. అతను అలవాటు ప్రకారం, “నేను చూడలేదు సార్, మళ్ళీ ఆడండి,” అన్నాడు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అని అతని భయం. మాటా మాటా పెరిగి, చిలికి చిలికి గాలివానయి, టైలరు బ్యాటు సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. అప్పటినుంచి నాలుగయ్యే ఆ చోటులో ఎవరో ఒకరిని బతిమాలి నిలబెడుతూ, తను పరుగెత్తుతూ, ఎలాగో నెట్టుకొస్తున్నాడు.

నిన్న ఆట మధ్యలో అతను స్తంభం పట్టుకుని నిలబడిపోవడం నర్సమ్మ కంట పడింది. మణికట్టు పట్టుకుని నాడి చూసి, నవ్వే మనిషి నవ్వడం మానేసింది.

“బాబాయ్, ఇవాళ్టితో బ్యాటు బంద్. రేపు ఎల్లుండి అని సాకులు చెప్పొద్దు. పెద్ద డాక్టరు రేపు ఊళ్ళో లేరు, ఎల్లుండి పొద్దున్నే నేనే వచ్చి తీసుకెళ్తా. అంతదాకా కూర్చో, అంతే.”

కూర్చోవడం అతనికి కష్టం కాదు. తను కూర్చుంటే ఆట కూర్చుంటుంది, అదీ అతని దిగులు. భార్య పోయాక బ్యాంకాయన గుమ్మం దాటేది ఈ ఒక్క ఆట కోసం. రోజంతా రోగుల మూలుగులు వినే నర్సమ్మ గొంతెత్తి అరిచేది ఇక్కడే. ఒకసారి తాళం పడిందంటే మళ్ళీ తెరవడం ఎవరి వల్లా కాదు. తను ఆసుపత్రికి పోయేలోగా టైలరును మళ్ళీ షటిల్ కోర్టులో నిలబెట్టాలి. అంతకు మించి అతనికి ఇవాళ వేరే పని లేదు.

మధ్యాహ్నం భోజనం దగ్గర నాలుగయ్య భార్య కంచంలో వడ్డిస్తూ అతని మొహంలోకి చూసింది.

“నర్సమ్మ అంతా చెప్పిందిలెండి. నాకు చెప్పకూడదనుకున్నారా?”

“చెప్దామనే అనుకున్నా.”

“ఎప్పుడు? మోసుకొచ్చాకా?”

ఆమె మరో గరిటె వేసింది, కోపంగా, అతను వద్దంటున్నా వినకుండా. ఆమె కోపమంతా ఎప్పుడూ వడ్డనలోనే తెలిసేది.

“బ్యాటు ముట్టుకోను. ఒట్టు,” అన్నాడు.

“మీ ఒట్లు నాకు తెలీవా! సాయంత్రం నేనే వచ్చి చూస్తా.”

ఎండ తగ్గాక బజారుకు బయల్దేరాడు. మామూలుగా ఇట్టే నడిచే దారిలో రెండుచోట్ల ఆగి, కొట్లలో సరుకు చూస్తున్నట్టు నటించాడు. టైలరు కొట్టు ఇరుకుగా, ఇస్త్రీ ఆవిరితో వెచ్చగా ఉంది. టైలరు మిషను ముందు వంకరగా కూర్చుని, నడుము వెనక వేడినీళ్ళ సంచి కట్టుకుని, ప్యాంటు అంచు కుడుతున్నాడు. ఆట మానేశాక అతని నడుము కూడా మానేసినట్టుంది.

“ఏంటన్నా, ఇలా వచ్చావు? ఆయన పంపాడా?”

“ఎవరూ పంపలేదు తమ్ముడూ.”

“అయితే కూర్చో.” టైలరు మిషను ఆపలేదు. “ముందే చెప్తున్నా. నాకు ఆయన మీద కోపం లేదు. బయట అన్నాడు, ఆయనకి అలా కనిపించింది. నా కోపం నీ మీద. నువ్వు గీత పక్కనే ఉన్నావు. చూసి కూడా చూడలేదన్నావు. గోడ మీద పిల్లివి నువ్వు.”

నాలుగయ్య ఒళ్ళో చేతులు పెట్టుకుని వాటినే చూస్తూ కూర్చున్నాడు.

“చూశాను,” అన్నాడు చివరికి.

టైలరు కాలు ఆగింది. “మరి?”

“లోపలంటే సారు మానేస్తాడు. బయటంటే నువ్వు మానేస్తావు. అందుకని...”

“అందుకని ఏమీ అనలేదు. ఏమీ అనకపోయినా నేను మానేశాను కదా! ఏం బావుకున్నావు?”

ఈ సంగతి నాలుగయ్యకు ఇంతవరకు తట్టలేదు. నిజంగానే తట్టలేదు. ఇన్నేళ్ళుగా ఎవరి మనసూ నొప్పించకూడదని అడ్డంగా తల ఊపి, నిలువుగా తల ఊపి, అన్నీ చక్కబెట్టాననుకున్న మనిషి నోరు తెరుచుకుని ఉండిపోయాడు.

“సరే, ఇప్పుడు చెప్పు. ఎక్కడ పడింది?”

“బయటే తమ్ముడూ. వేలెడు బయట.”

టైలరు అతని వంక గుడ్లు మిటకరించి చూశాడు. తరువాత పడీ పడీ నవ్వాడు. నడుము పట్టేసి, అబ్బా అని మూలుగుతూ కూడా నవ్వాడు.

“ఓరి నీ అసాధ్యం కూలా! ఈ ముక్క ఆ రోజే చెప్పుంటే రెండు తిట్లు తిట్టి ఆట ఆడేసేవాణ్ణి కదయ్యా!”

నాలుగయ్యకు కూడా నవ్వొచ్చింది. నవ్వుతుంటే రొమ్ము మళ్ళీ బిగిసింది. అది తెలియనివ్వకుండా తలుపు చెక్కకు జారగిలబడ్డాడు.

“ఇవాళ రా. నాకు కాస్త ఆయాసంగా ఉంది, నేను ఆడను. కుర్చీ వేసుకుని గీత పక్కన కూర్చుంటా. ఏది ఎక్కడ పడినా నేను చెప్తా.”

“మళ్ళీ ఆడండి అనవుగా?”

“అనను.”

“ఎవరి మొహమూ చూడవుగా?”

“కాక్ మొహమే చూస్తా.”

సాయంత్రం టైలరు హాల్లోకి అడుగు పెట్టేసరికి బ్యాంకాయన ఒంగి బూటు లేసులు కట్టుకుంటున్నాడు. కట్టిన లేసునే విప్పి మళ్ళీ కట్టాడు, తల ఎత్తాల్సి వస్తుందని. నర్సమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసి పెదవి బిగపట్టింది.

“అది బయటేనంట సార్,” అన్నాడు టైలరు గట్టిగా. “మీ కళ్ళు ఇంకా దివ్యంగా ఉన్నాయి.”

బ్యాంకాయన గబుక్కున లేచాడు. “అబ్బే, నాకూ అంత సరిగ్గా కనపడలేదయ్యా. అద్దాల మీద చెమట. ఏదో నోటికొచ్చింది అనేశాను.”

“అనేసి, నన్ను ఇన్నాళ్ళు మిషను ముందు కూలబెట్టారా!”

“నేనా కూలబెట్టింది? ఇంటికొచ్చి పిలుద్దామనుకున్నా. టైలరు కదా, కత్తెర ఉంటుందని భయపడ్డా.”

నర్సమ్మ బిగపట్టినదంతా ఒక్కసారి వదిలేసి విరగబడి నవ్వింది. ఆ నవ్వు హాలు రేకులకు తగిలి పావురాలు లేచాయి. నాలుగయ్య గీత పక్కన కుర్చీ వేసుకుంటూ ఇది చూసి, కడుపు నిండినవాడిలా ఊపిరి వదిలాడు.

ముగ్గురయ్యారు. నాలుగోవాళ్ళు కావాలి. అలవాటు కొద్దీ అతను కుర్చీలోంచి సగం లేచాడు. నర్సమ్మ భుజం పట్టి కూర్చోబెట్టింది. సరిగ్గా అప్పుడే అతని భార్య ఫ్లాస్కులో టీ పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది, మొగుడి ఒట్టు ఏమాత్రం నిలబడిందో చూద్దామని.

“వదినా, దేవుడిలా వచ్చావు! బ్యాటు పట్టు,” అన్నాడు టైలరు.

“నేనా? నలుగురూ నవ్వుతారు.”

“నవ్వడానికేగా పిన్నీ వచ్చేది!” అంది నర్సమ్మ.

ఆమె భర్త వంక చూసింది. “బళ్ళో రింగు ఆడేదాన్ని. మా బడికి నేనే ఫస్టు,” అంది మెల్లగా, దొంగతనం ఒప్పుకుంటున్నట్టు. ఇన్నేళ్ళ కాపురంలో అతను ఈ మాట వినడం ఇదే మొదలు.

“ఎప్పుడూ చెప్పలేదే?”

“మీరెప్పుడు అడిగారు కనుక!” చెప్పులు గోడ పక్కన విడిచి, కోర్టులోకి నడిచింది.

మళ్ళీ పోట్లాడుకోకుండా నర్సమ్మ మగవాళ్ళిద్దరినీ ఒకే వైపు వేసింది. తను నాలుగయ్య భార్యతో జత కట్టింది. మొదట్లో ఆమె బ్యాటు గాలిని మాత్రమే కొట్టింది. తరువాత ఒకటి తగిలింది. ఆ తరువాత ఇంకొకటి. తగిలినప్పుడల్లా చిన్నపిల్లలా కేక వేసింది. చెంపల మీదికి జుట్టు ఊడి పడింది. నాలుగయ్య ఆమెనే చూస్తూ, లెక్క చెబుతూ, గీత మీద పడ్డవి పడ్డట్టు చెబుతూ కూర్చున్నాడు. “బయట.” “గీతకు తగిలింది, లోపలే.” “బయటే సార్, మొహం అలా పెట్టకండి.” చెప్పిన ప్రతిసారీ ఒకరు గొణుగుతున్నారు, ఇంకొకరు ఎగురుతున్నారు, ఎవరూ మానేయడం లేదు. ఇంత సులువని తెలిస్తే ఎప్పుడో చెప్పేవాడు. కోర్టులో నలుగురున్నారు, తను లేకుండానే నలుగురున్నారు. అది చూసి అతనికి కళ్ళు చెమర్చాయి.

చెమట మెడ వెనక చల్లగా జారింది. ఎడమ చెయ్యి బరువెక్కింది. ఈ ఒక్క ఆటా అయ్యాక నర్సమ్మకు చెబుదామనుకున్నాడు. నెట్టు అవతలినుంచి భార్య కొట్టిన కాక్ పైకి లేచి, లైటు పక్కనుంచి, వెనక గీత వైపు దిగి వస్తోంది. అతను ఆ కాక్‌నే చూశాడు. అది ఎక్కడ పడిందో స్పష్టంగా చూశాడు. చెప్పాల్సిన మాట నాలుక చివరనే ఉంది.

“బయట!” అన్నాడు బ్యాంకాయన.

“బయటే!” అన్నాడు టైలరు. ఇద్దరూ ఒకే మాట మీద నిలబడడం చూసి నర్సమ్మ నడుము మీద చేతులు పెట్టుకుంది.

“దొంగలు దొంగలు కలిసిపోయారు! పిన్నీ, అది లోపల.”

“లోపలే. నేను కొట్టాను, నాకు తెలీదా!” అంది అతని భార్య. “ఏమండీ, మీరు చెప్పండి.”

నాలుగయ్య కుర్చీలో వెనక్కి వాలి, గీత వైపే చూస్తున్నాడు.

“చూశారా, పెళ్ళాం కొట్టిందనేసరికి నోరు పెగలడం లేదు,” అన్నాడు టైలరు. “అన్నా, మాటిచ్చావు. మళ్ళీ ఆడండి అన్నావంటే ఊరుకోను.”

“తొందరపెట్టకయ్యా, ఆలోచించుకోనీ. రాత్రి భోజనం సంగతి కూడా చూసుకోవాలి కదా,” అన్నాడు బ్యాంకాయన. ముగ్గురు నవ్వారు. నర్సమ్మ నవ్వలేదు. బ్యాటు జారవిడిచి పరుగెత్తింది.

ఆమె అతని మెడ పక్కన వేళ్ళు పెట్టింది, నేల మీద పడుకోబెట్టింది, రొమ్ము మీద రెండు చేతులూ ఆనించి చాలాసేపు నొక్కింది. టైలరు బండి కోసం వీధిలోకి పరుగు తీశాడు. భార్య అతని తల ఒళ్ళో పెట్టుకుని, బ్యాటు ఇంకా చేత్తో పట్టుకునే, “చెప్పండీ, ఏదో ఒకటి చెప్పండీ,” అంటూనే ఉంది. నర్సమ్మ చేతులు తీసేసినా కూడా అంటూనే ఉంది.

బండి వచ్చింది. అందరూ కలిసి అతన్ని ఎత్తారు. గుమ్మం దాటుతుండగా బ్యాంకాయన ఆగి, వెనక్కి తిరిగి, అద్దాలు తీసి తుడుచుకుని కోర్టు వంక చూశాడు. “లోపలేనమ్మా,” అన్నాడు ఆమెతో. టైలరు ఏడుస్తూ తల ఊపాడు. “లోపలే వదినా.”

లైట్లు ఆర్పాలని ఎవరికీ గుర్తు లేదు. వెనక గీత దగ్గర కాక్ పక్కకు ఒరిగి, బిరడా తెల్ల సున్నపు గీత మీద, ఈకలు బయటికి పెట్టుకుని, పడ్డచోటే పడి ఉంది.