రామకోటి ఎడమ కాలు

బసవలింగం మగ్గం వదిలి తెనాలిలో కుస్తీలు నేర్పే తాలింఖానాలో మర్దనా నేర్చుకోవడానికి వెళ్లినప్పుడే మేనమామ తేల్చి చెప్పేశాడు, పిల్లనివ్వనని. ఊళ్లోవాళ్ల ఒళ్లు పిసికి బతికేవాడికి కూతుర్నిస్తే నలుగురిలో తలెత్తుకోలేనన్నాడు. చిన్నప్పటినుంచీ సుబ్బులమ్మ బసవలింగానిదే అంటూ వచ్చిన ఆ ఇంట్లోనే, ఆ ఏడాదే, రేపల్లెలో బట్టలకొట్టున్న రామకోటితో ఆమె పెళ్లి జరిగింది. బసవలింగం ఆ పెళ్లికి వెళ్లలేదు. తర్వాత తనూ చేసుకోలేదు. ఎవరైనా అడిగితే తీరిక లేదనేవాడు.

అది కొంతవరకు నిజమే. పదేళ్లలో తెనాలిలో అతని చేతికి పేరొచ్చింది. నడుం పట్టేసిన నాటకాలవాళ్లు, బస్తాలు మోసి మోసి మెడ తిరగని మిల్లు కూలీలు, కూర్చుని కూర్చుని మోకాళ్లు బిగుసుకుపోయిన షావుకార్లు, అందరూ అతనికే కబురు పెట్టేవారు.

1969 శ్రావణంలో రేపల్లె నుంచి కబురొచ్చింది. రామకోటికి పక్షవాతం వచ్చి ఎడమ కాలూ చెయ్యీ పడిపోయాయి. వారానికి రెండుసార్లయినా తెలిసినవాడిచేత మర్దనా చేయించమని డాక్టరు చెప్పాడట.

"సుబ్బులమ్మగారు మిమ్మల్నే రమ్మన్నారండి" అన్నాడు వచ్చిన మనిషి.

మంగళవారం పొద్దున్నే బసవలింగం రేపల్లె పాసింజరెక్కాడు. వేమూరు దాటాక, వెనక్కి వెళ్లే బండి ఏ వేళకో పక్కనున్నవాణ్ణి అడిగాడు గానీ దిగలేదు.

సుబ్బులమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. చెంపల దగ్గర ఒకటి రెండు వెంట్రుకలు నెరిశాయి. "వచ్చావా బావా" అని, నూనె కాచడానికి లోపలికి వెళ్లింది.

మంచంమీద రామకోటి మాట కొంచెం ముద్దగా వస్తోంది. "తమ్ముడూ, ఈ కాలు నాది కానట్టుంది."

"మీదే అన్నయ్యా. నిద్రపోతోంది, అంతే."

అప్పట్నుంచి ప్రతి మంగళవారం, శుక్రవారం వెళ్లేవాడు. నువ్వులనూనెలో వావిలాకు వేసి కాచి సుబ్బులమ్మ గిన్నె తెచ్చి పెట్టేది. అతను రామకోటి కాలివేళ్ల దగ్గర మొదలుపెట్టి, పిక్కమీదుగా తొడదాకా రుద్ది, మోకాలు మడిచి చాపేవాడు. ఆమె గుమ్మం దగ్గర పీట వేసుకుని పుట్టింటి ఊరి సంగతులు చెప్పేది. ఎవరు పోయారో, ఎవరింట్లో మగ్గాలు మూలపడ్డాయో, ఎవరి పిల్లలు చీరాల వెళ్లి పనిలో కుదురుకున్నారో. మధ్యలో రామకోటి కూడా ఏదో అని నవ్వించేవాడు. ఆ గంటన్నరకోసం బసవలింగం మిగిలిన వారమంతా బతికేవాడు. తెనాలిలో ఎవరి భుజాలు పిసుకుతున్నా, ఈసారి ఆమెకు ఏం చెప్పాలా అన్నదే ధ్యాస.

కార్తీకమాసంలో ఒక శుక్రవారం రామకోటి అతని భుజం పట్టుకుని లేచి నిలబడ్డాడు. సుబ్బులమ్మ కళ్లు ఒత్తుకుంది. బసవలింగానికీ సంతోషమే కలిగింది. తిరుగు బండిలో మాత్రం లెక్క తేలింది. ఇలాగే చేస్తే మరో రెండు నెలల్లో ఈ మనిషి నడుస్తాడు. ఆ తర్వాత తనకు రేపల్లెలో పనేముంటుంది?

తర్వాతి మంగళవారం అతని చేతులు పైపైనే తిరిగాయి. మోకాలు సగమే మడిచాడు. నిలబెట్టబోయి, "ఇవాళ వద్దులెండి, అలిసిపోయినట్టున్నారు" అన్నాడు. శుక్రవారమూ అంతే. ఆపై వారమూ అంతే. రామకోటి పైకప్పుకేసి చూస్తూ పడుకున్నాడు.

మూడో వారం వెళ్లేసరికి సుబ్బులమ్మ వాకిట్లోకి ఎదురొచ్చింది.

"బావా, ఆయన కాలు మళ్లీ బిగుసుకుపోతోంది. తప్పు నాదేనేమో. అడిగారని మొన్న దుంపకూర పెట్టాను. వాతం చేసిందంటావా?"

"లేదు, అది కాదు."

"మరి ఏంటి? నేను చెయ్యాల్సిందేమన్నా ఉంటే చెప్పు. ఒంటిపూట తింటున్నాను, మొక్కని దేవుడు లేడు. ఇంకేం చెయ్యమన్నా చేస్తాను."

బసవలింగం ఆమె మొహంకేసి చూడలేకపోయాడు. లోపలికి వెళ్లి చొక్కా విప్పాడు. ఆ రోజు తిరుగు బండి వెళ్లిపోయినా లేవలేదు. చీలమండ మెత్తబడి, పాదం నేలమీద ఆనేదాకా పట్టాడు. ఆ తర్వాత రెండు వారాలు రోజూ వచ్చాడు. తెనాలిలో కబురు పెట్టినవాళ్లకు ఒంట్లో బాగోలేదని చెప్పించాడు.

మాఘమాసానికి రామకోటి చేతికర్ర సాయంతో వీధి చివరిదాకా నడిచాడు. ఇక మిగిలిన పని ఇంట్లోవాళ్లు చేసుకోవచ్చు. బసవలింగం తన కాలిమీదే చూపిస్తూ ఎక్కడ నొక్కాలో, ఎటు రుద్దాలో సుబ్బులమ్మకు నేర్పాడు. ఆమె భర్త కాలు ఒళ్లో పెట్టుకుని, అతను చెప్పినట్టే బొటనవేలు ఆనించి మెల్లగా పైకి తీసుకెళ్లింది. త్వరగానే వచ్చేసింది ఆమెకు.

ఆమె కాఫీ కలపడానికి లేచాక రామకోటి గొంతు తగ్గించాడు.

"కార్తీకంలో రెండు వారాలు నీ చెయ్యి నామీద లేదు తమ్ముడూ. ఒంటికి తెలియదా?"

బసవలింగం తలొంచుకున్నాడు.

"ఆమెకు చెప్పలేదు. చెప్పను కూడా. మళ్లీ నువ్వే నిలబెట్టావు." చేతికర్ర గోడకానించి, "చుట్టంలా వస్తూ ఉండు" అన్నాడు.

"అలాగే అన్నయ్యా."

సుబ్బులమ్మ వీధి గుమ్మందాకా వచ్చింది. చేతులకింకా నూనె జిడ్డు పోలేదు. "మంగళవారం వస్తే ఇంక నాకేం తోచదు బావా" అంది, నేలకేసి చూస్తూ.

అనాల్సిన మాట పదేళ్లుగా అతని గొంతులో ఉంది. "నూనె గోరువెచ్చగానే ఉండాలి. మరిగించకు" అని మాత్రం అన్నాడు.

చుట్టంలా అతను ఎన్నడూ వెళ్లలేదు. మంగళ, శుక్రవారాలు తెనాలి గదిలో కూర్చోవడం చేతకాక బాపట్లలో ఒక వకీలు తండ్రికి మర్దనా చెయ్యడానికి ఒప్పుకున్నాడు. ఆ ముసలాయనకు చెవుడు, కబుర్లుండవు. తెనాలి స్టేషన్లో రేపల్లె పాసింజరు ఒకోసారి అవతలి ప్లాట్‌ఫారంమీద కనిపించేది. అది కదిలి వెళ్లిపోయేదాకా చూసి, ఆ తర్వాత వచ్చిన బాపట్ల బండి ఎక్కేవాడు.