కింది వాటా వాల్వు

నేను ఒక గేటు వాల్వుని. ఆ పేరు వింటే మీ ముఖంలో ఏ మార్పూ రాదని నాకు తెలుసు. నీళ్ళు వస్తున్నంతకాలం నన్నెవరూ తలచుకోరు. ఆగిపోతే కుళాయిని తిడతారు, పొంగిపోతే ప్లంబరుని తిడతారు. తిట్లకు కూడా నోచుకోని బతుకు నాది.

ఎక్కడో గుజరాత్‌లో ఇత్తడి కరిగించి నన్ను పోతపోశారు. కడుపులో ఒక పలక, దాన్ని పైకీ కిందికీ కదిపే కడ్డీ, కడ్డీ తలమీద ఎర్ర రంగు చక్రం. కుడివైపు తిప్పితే పలక దిగి నీళ్ళు ఆగుతాయి, ఎడమవైపు తిప్పితే లేచి దారి ఇస్తుంది. నాకు తెలిసిన విద్య ఇదొక్కటే. మండపేటలో ఒక ఇనుప సామాన్ల కొట్టులో రెండేళ్ళు దుమ్ము తిన్నాక చలపతిరావు గారు గీచి గీచి బేరమాడి మమ్మల్ని నలుగుర్ని కొన్నారు. ఆయన అద్దెకివ్వడానికి కట్టించిన మేడమీద, నీళ్ళ ట్యాంకు కింద, వరుసగా బిగించారు. ఒకరు పై వాటాకి, ఒకరు పెరట్లో మొక్కలకి, ఒకరు ట్యాంకు కడిగినప్పుడు నీళ్ళు వదలడానికి. నేను కింది వాటాకి. నలుగురం అచ్చు ఒకేలా ఉంటాం. మాలో ఎవరు ఎవరో పోల్చడం బ్రహ్మతరం కూడా కాదు.

కింది వాటాలో గనిరాజు, అతని భార్య వీరవేణి దిగారు. గనిరాజు రైసుమిల్లులో పనిచేసేవాడు. పై వాటాలో రాజేశ్వరి వాళ్ళు. మొదట్లో ఆడవాళ్ళిద్దరూ వదినా అంటే వదినా అనుకుంటూ కూరలు ఇచ్చిపుచ్చుకునేవారు. ఎండాకాలం వచ్చి పై వాటాలో ధార సన్నబడేసరికి ఆ వరసలు ఎండిపోయాయి. రాజేశ్వరి బట్టలుతికే వేళకి చప్పుడు కాకుండా మేడెక్కి నన్ను కట్టేసి, పనయ్యాక విప్పి దిగిపోయేది. వీరవేణి మెట్ల దగ్గర నిలబడి నిలదీస్తే, "నేనెందుకు కడతానండీ? నాకేం పనిలేదా?" అని దేవుడి పటం ముట్టుకుని ఒట్టేసేది. నిజం తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

గొడవ ముదిరాక చలపతిరావు గారు వచ్చి తీర్పు చెప్పారు. స్పానరు పెట్టి మా నలుగురి చక్రాలూ ఊడదీసి, సంచిలో వేసుకుని తన ఇంటికి పట్టుకుపోయారు. "ఇప్పుడెవరు కడతారో కట్టండి, చూద్దాం!" అన్నారు. తన తెలివికి తనే మురిసిపోయారు. గొడవ ఆగిన మాట నిజమే. దానితోపాటు మాటలూ ఆగిపోయాయి. నాలుగేళ్ళపాటు ఆ ఇద్దరూ మెట్లమీద ఎదురుపడ్డా ముఖాలు తిప్పుకునే పోయారు.

నా భయం మొదలైంది అప్పుడే. తిప్పని వాల్వు బిగుసుకుపోతుంది. బోరునీళ్ళ ఉప్పు పొరలు పొరలుగా నా కడ్డీని పట్టేసింది. ఏదో ఒకరోజు నాతో పని పడుతుంది, ఆ రోజు నేను కదలలేనని తెలుస్తూనే ఉంది. ఒక్కసారి తిప్పి చూడండి అని అడగడానికి నాకు నోరు లేదు. అంతలో కిందినుంచి, నీళ్ళు నిండిన గొట్టం గుండా, ఒక మిషను చప్పుడు వినిపించడం మొదలైంది. మిల్లు దుమ్ముకి గనిరాజు ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఆ కరెంటు మిషను ఇచ్చే ఆక్సిజన్ గొట్టం ముక్కుకి పెట్టుకుని మంచం మీదే ఉంటున్నాడు. ఆ మిషను ఆగితే పది నిమిషాలకు మించి తట్టుకోలేడని డాక్టరు చెప్పాడట. దాని గురగుర వింటూ కూర్చోవడం నాకు అలవాటైపోయింది. కాసేపు వినపడకపోతే హడలిపోయేవాణ్ణి.

ఆ ఆదివారం పొద్దున తొమ్మిదింటికి కింద ఫట్‌మని చప్పుడైంది. నా గుండా నీళ్ళు ఒక్కసారిగా పరుగందుకున్నాయి. వరండాలో చేతులు కడుక్కునే కుళాయి మెడ దగ్గర విరిగిపోయింది. ఎదురుగా నాలుగడుగుల దూరంలో గోడకి కరెంటు మెయిన్ బోర్డు ఉంది. ధార తిన్నగా దానిమీదకే కొట్టింది.

వీరవేణి గుడ్డ కుక్కింది. నీళ్ళు దాన్ని విసిరికొట్టాయి. ఇత్తడి పళ్ళెం అడ్డం పెట్టి రెండు చేతులతో నొక్కి పట్టుకుంది. ధార పక్కకి చిమ్మింది గానీ, పళ్ళెం కాస్త జరిగినప్పుడల్లా చుక్కలు బోర్డు మీద పడుతూనే ఉన్నాయి. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని ముందు చలపతిరావు గారికి చేసింది. ఆయన అన్నవరంలో వ్రతంలో కూర్చున్నారు, ఫోను మూగబోయి ఉంది. తర్వాత ప్లంబరు ఏసుపాదానికి చేసింది. అతను రామచంద్రపురం చర్చిలో ఉన్నాడు. జేబులో ఫోను మూడోసారి కొట్టుకునేసరికి ప్రార్థన మధ్యలో లేచి బయటికొచ్చాడు.

"కుళాయి ఇరిగిపోయిందండీ బాబూ! నీళ్ళు కరెంటు బోర్డు మీద పడతన్నాయి!"

"ముందు మెయిన్ ఆపేయండమ్మా!"

"ఆపితే మా ఆయన మిషను ఆగిపోద్దండి! కరెంటు పోతే పెట్టే ఆక్సిజన్ సిలిండరు పొద్దున్నే నింపడానికి పట్టుకెళ్ళారు, ఇంకా తేలేదు."

"నేనొచ్చేసరికి అరగంట పడద్దండి. తడి చేత్తో బోర్డు ముట్టుకోకండి. ఎవరినన్నా మేడ మీదకి పంపి వాల్వు కట్టించండి."

"ఏదో తెలీదండి! నాలుగున్నాయి! చక్రాలు కూడా లేవు!"

బోర్డు చిటపటమంది. ఆ చప్పుడు నాదాకా వచ్చింది. నాకు ప్రాణమనేది ఉంటే అప్పుడే పోయేది.

కేకలకి రాజేశ్వరి దిగొచ్చింది. మెట్ల చివర నిలబడిపోయింది. పళ్ళెం పట్టుకుని నిలువెల్లా తడిసిన వీరవేణిని చూసింది, లోపల మంచం మీద కళ్ళు పెద్దవి చేసుకుని చూస్తున్న గనిరాజుని చూసింది. ఫోనులో ఏసుపాదం, "పోనీ నాలుగూ తిప్పి చూడండి," అంటూనే, "కానీ పట్టేసి ఉంటాయండి, ఒక్కోదానికీ చాలా టైము పడద్ది," అని నసిగాడు.

"నాకు తెలుసు," అంది రాజేశ్వరి.

వీరవేణి తల తిప్పి చూసింది.

"మీది ఎడం పక్కనుంచి రెండోది. నేనే కట్టేదాన్ని." ఆ మాట అని ఆమె నేలచూపులు చూడలేదు, ఏడవనూ లేదు. "ఫోను నాకివ్వండి," అని లాక్కుని, వంటింట్లోంచి పట్టకారు, కొబ్బరినూనె సీసా తీసుకుని మేడమీదకి పరుగెత్తింది.

నేరుగా నా దగ్గరికే వచ్చింది. నూనె పోసి, పట్టకారుతో బోడి కడ్డీని పట్టి బలమంతా పెట్టి తిప్పింది. నేను కదల్లేదు. కదలాలని లేక కాదు. పట్టకారు జారి ఆమె వేళ్ళ కణుపులు గోడకి కొట్టుకుని రక్తం వచ్చింది. మళ్ళీ పట్టింది. కడ్డీ తెగిపోతుందేమో, పలక సగంలోనే ఉండిపోతుందేమోనని నేను బిక్కచచ్చిపోయాను.

"బలవంతం చేయకండమ్మా!" ఫోనులోంచి ఏసుపాదం అరిచాడు. "ముందు ఎడంపక్కకి, ఇప్పేటట్టు, పిసరంత. మళ్ళీ కుడిపక్కకి పిసరంత. ముందుకీ ఎనక్కీ ఆడించండి, అదే వదుల్తాది."

నీళ్ళు ఆపమంటే ఇంకా విప్పమంటాడేమిటని రాజేశ్వరికి అనిపించి ఉంటుంది. అయినా అలాగే చేసింది. పిసరంత అటు, పిసరంత ఇటు. ఉప్పు పొర పెటపెటమంటూ విరిగింది. నాలుగేళ్ళ తర్వాత నా కడ్డీ కదిలింది. ఒక చుట్టు తిరిగింది, రెండో చుట్టు తిరిగింది. నా లోపలి మరలు అరిగిపోతున్నాయి, నొప్పి తెలుస్తూనే ఉంది. చివరి చుట్టులో అవి పూర్తిగా తెగిపోయాయి. పలక ధబ్బున కిందపడి అక్కడే ఇరుక్కుంది.

నీళ్ళ పరుగు ఆగింది. గొట్టం ఖాళీ అయింది. దానితోపాటు మిషను గురగుర కూడా నాకు వినపడకుండా పోయింది.

అయిపోయిందనుకున్నాను. ఆలస్యం చేశాను, నా బిగుసుకుపోయిన ఒళ్ళు ఒక మనిషిని చంపిందనుకున్నాను. రాజేశ్వరి పిట్టగోడ మీదనుంచి వంగి, "ఆగిందా?" అని కేకేసింది. "వీరవేణీ! ఆగిందా?" నాలుగేళ్ళలో ఆ పేరు పలకడం అదే మొదటిసారి. కిందినుంచి అలికిడి లేదు.

"ఆగింది!" గొంతు చాలాసేపటికి వచ్చింది. "మిషను తిరుగుతానే ఉందొదినా. ఆయన బానే ఉన్నాడు."

రాజేశ్వరి నా పక్కనే, ఆ వేడెక్కిన సిమెంటు మీద చతికిలబడి వెక్కివెక్కి ఏడ్చింది.

ఏసుపాదం చర్చికి వేసుకున్న తెల్లచొక్కాతోనే వచ్చాడు. నన్ను చూసి, ఇది ఇంక తెరుచుకోదని తేల్చేశాడు. నిజమే, నేను తెరుచుకోను. రంపంతో అటూ ఇటూ గొట్టం కోసి నన్ను గోనెసంచిలో పడేసి, నా చోట కొత్తదాన్ని చక్రంతో సహా బిగించాడు. సాయంత్రం పాత ఇత్తడి కింద తూకానికి వెళతాను. దాని గురించి నాకు దిగులు లేదు. దిగులంతా పొద్దున్నే పడేశాను.

గనిరాజు పక్కన పక్కింటి ఆమెను కూర్చోబెట్టి వీరవేణి ఒక్క నిమిషం పైకొచ్చింది. "నెలకోసారన్నా దీన్ని కట్టి ఇప్పాలండి, లేపోతే మళ్ళీ పట్టేస్తాది," అన్నాడు ఏసుపాదం. "ఎవరికి చూపించమంటారు?"

వీరవేణి రాజేశ్వరి చేతి కట్టు వైపు చూసింది. "మా వదినకి చూపించండి. నేనాయన్ని వదిలి రాలేను కదా. కట్టేదీ ఇప్పేదీ ఆవిడే."

రాజేశ్వరి కొత్త చక్రం మీద చేయి వేసి, "కడతానమ్మా," అంది. "కట్టేముందు కిందకి కేకేసి చెప్పి మరీ కడతాను."