రామకోటయ్య పాముకు కట్టిన ఇల్లు

కడపలో కిరాణా అంగడి నడిపే రామకోటయ్యకు ఒక పట్టుదల ఉండేది. డబ్బు పెట్టి కొన్న వస్తువు ఊరికే పడి ఉండకూడదు. ఆ పట్టుదలే ఒక పాము ప్రాణం మీదికి తెస్తుందని ఆయన కలలో కూడా అనుకోలేదు.

పాము ఆయన కూతురు శ్రీవాసవిది. స్నేహితురాలు శిల్ప ఉద్యోగానికి వేరే ఊరు పోతూ ఆమెకు అప్పగించింది. మన నేల మీది పాములను ఇంట్లో పెంచితే చట్టం ఊరుకోదు గానీ, ఇది పైదేశపు జాతి, విషం లేనిది, కాగితాలన్నీ పక్కాగా ఉన్నది.

అడవి జంతువుల చదువు చదవడానికి డెహ్రాడూన్ పోతానని శ్రీవాసవి అడిగినప్పుడు రామకోటయ్య వద్దన్నాడు. అది మొదలు ఆ పిల్ల అడిగినదానికి జవాబివ్వడం తప్ప ఆయనతో మాట్లాడటం మానేసింది. ఒక్కగానొక్క కూతురు. ఆయనకు అన్నం సయించేది కాదు. అందుకే ఒక పొద్దున ఆమె తనంతట తాను వచ్చి, "దీనికొక ఇల్లు కావల్ల నాన్నా, అద్దాలపెట్టెకు శానా రేటు చెప్తాండారు" అన్నప్పుడు ఆయన ఎగిరి గంతేసినంత పని చేశాడు.

"కొనేదెందుకమ్మా? ఈడ ఇంత అంగడి పెట్టుకొని!"

పిండి కొద్దీ రొట్టె అన్నారు కదా. అంగడి అటక మీదున్న పాత షోకేసు దిగింది. జరిపే అద్దాలు, చెక్క అడుగు, పాముకు అంతకంటే ఏం కావాలి? వెనకవైపు పలక తీసి ఇనుప జాలీ కొట్టారు. అంగడిలో కొబ్బరికాయలు ఒలిచిన పీచు కిందికి పరుపయింది. పగిలిన కుండ బోర్లిస్తే దాక్కునే గుహ. ఎక్కడానికి ఎండిన జామకొమ్మ, తాగడానికి బరువైన పింగాణీ గిన్నె, పడుకోవడానికి ఇల్లు కట్టినప్పుడు మిగిలిన కడప బండ ముక్క. సుత్తి ఆయనది, మేకులందించే చెయ్యి కూతురిది. ఆ పని సాగినన్నాళ్ళూ ఇద్దరి మధ్యా మాటలు వాటంతట అవే దొర్లాయి. రామకోటయ్య సుఖంగా నిద్రపోయాడు.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. అన్నీ పాతవే పెట్టామే, బిడ్డ కోసం ఒక్కటన్నా కొత్తది కొనాలని ఆయనకు మనసు పీకింది. ఫోను వీడియోలో ఎవరో తెల్లదొర పాముకు వెచ్చదనం కావాలన్నాడని వేడి దీపమొకటి తెప్పించి బండకు పైన బిగించాడు. మే నెలలో, కడపలో! సముద్రానికి ఉప్పు మోయడమంటే ఇదే.

"మన ఎండలకు ఇది అక్కర్లేదు నాన్నా" అని శ్రీవాసవి నవ్వి ఆర్పేసింది. ఆమె కాలేజీకి పోగానే ఆయన మళ్ళీ వెలిగించేవాడు. కొన్నది వాడకపోతే ఎట్లా? ఆమె వచ్చే వేళకు ఆర్పేవాడు.

పాము ఎప్పుడు చూసినా నీళ్ళ గిన్నెలోనే చుట్టుకొని ఉండేది. ఎలుక పెడితే ముఖం తిప్పుకునేది. ఆ ఎలుకలదీ ఒక కథే. కోడిగుడ్డు కూడా గడప దాటని కోమట్ల ఇల్లు కాబట్టి, బెంగళూరు నుంచి గడ్డకట్టించి తెప్పించిన ఎలుకలు పక్కింటి టీచరు జ్ఞానమణి ఫ్రిజ్జులో ఉండేవి.

పాము అలా పస్తులుండటం రామకోటయ్య భార్య రాజ్యలక్ష్మమ్మకు దడ పుట్టించింది. ఆమె దాన్ని స్వామి అనే పిలిచేది.

"స్వామి ఆకలితో ఈ ఇంట్లో పోతే ఏడు తరాలకు సర్పదోషం. ఆదివారం లోపల తినకపోతే శిల్ప వాళ్ళింటికి పంపీండి" అని తేల్చిచెప్పింది.

శ్రీవాసవి మళ్ళీ ముడుచుకుపోయింది. పాము పోతే ఇంట్లో మాటలు కూడా దానితోపాటే పోతాయని రామకోటయ్యకు తెలుసు.

శనివారం లైన్ల మరమ్మతని పొద్దున్నే కరెంటు తీసేశారు. మధ్యాహ్నం భోజనానికొచ్చిన రామకోటయ్య షోకేసు ముందు నిలబడిపోయాడు. పాము గిన్నెలోంచి బయటికొచ్చి, వెలగని దీపం కింద బండ మీద హాయిగా సాగిలబడి నాలుక ఆడిస్తోంది. అద్దం జరిపి బండను ముట్టుకున్నాడు. చల్లగా ఉంది. రోజూ దీపం ఆర్పేటప్పుడు అదే బండ పెనంలా కాలుతుండేదని అప్పుడు గుర్తొచ్చింది.

తేలు కుట్టిన దొంగలా ఆయన చప్పుడు చేయకుండా దీపం ఊడబీకాడు. అంగడిలో తమలపాకులు వాడిపోకుండా చుట్టే గోనెపట్టాను తడిపి అద్దానికి ఒకవైపు వేలాడదీశాడు. కుండను ఆ చల్లదనం పక్కకు జరిపాడు. అంతా అయ్యాక భార్య పెట్టిన అన్నం గబగబా తిని అంగడికి పోయాడు.

ఆదివారం సాయంత్రం శ్రీవాసవి ఎలుకను వేడినీళ్ళలో నానబెట్టి తెచ్చింది. రాజ్యలక్ష్మమ్మ గోడవైపు తిరిగి కూర్చుంది. రామకోటయ్య ఇక దాచుకోలేకపోయాడు.

"తల్లీ, నువ్వు పోంగానే రోజూ దీపం వేసింది నేనే."

శ్రీవాసవి పట్టకారు పట్టుకొని అట్లాగే చూసింది. "నాన్నా! అది ఉడికిపోతాందని తెలీదా నీకు?"

"కొన్నాను కదా అని..."

"ముందే చెప్పింటే ఏం పోతాండె?"

"నువ్వు మాట్లాడేదే ఇప్పుడిప్పుడు. చెప్తే మళ్ళీ యాడ నోరు మూసుకుంటావో అని భయమేసింది తల్లీ."

కూతురు ఆయన చెయ్యి పట్టుకొని పట్టకారు వేళ్ళ మధ్య పెట్టింది.

"నువ్వే తినిపించు."

ఉల్లిపాయ ముట్టుకున్నా చేతులు కడుక్కునే రామకోటయ్య ఎలుకను వేలాడదీసి కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. కూతురు ఆయన మోచెయ్యి కింద పట్టుకుంది. ఒక్కసారిగా పట్టకారు గుంజుకుపోయినట్టయింది. కళ్ళు తెరిచేసరికి పాము ఎలుకను చుట్టేసి ఉంది. నెమ్మదిగా, తొందరేమీ లేనట్టు, తల వైపు నుంచి మింగడం మొదలుపెట్టింది.

"తింటాండాది!" అని తండ్రీకూతుళ్ళు ఒకేసారి అరిచారు.

గోడవైపున్న రాజ్యలక్ష్మమ్మ చేతులు జోడించింది. తల మాత్రం తిప్పలేదు.

"నీళ్ళు దగ్గర పెట్టినారా లేదా? గొంతుకు అడ్డం పడతాదేమో స్వామికి!"