పెంట మడి

ఎండ నెత్తి మీదికొచ్చింది. అమ్మగారి రెండు కుక్కలు వేసిన పెంట పెరడంతా ఉంది, దాని నిండా ఈగలు. తోటామె నడుం వంచి రేకు చేటలోకి ఎత్తుతోంది. పొద్దున్నుంచీ కూతురితో ఆసుపత్రిలో ఉండి, పిల్లను పొరుగింట్లో వదిలి, మంచినీళ్లయినా తాగకుండా పనికొచ్చింది. చేతులకు తొడుగులు లేవు. ఒకసారి అడిగితే, "మట్టి పిసికే చేతులకి తొడుగులేంటే" అని అమ్మగారు నవ్వేసింది.

ఎత్తిన పెంటను ఆకుకూరల మడిలో పూడ్చాలి. ఈ ఇంటి పద్ధతి అది. చెత్తన్నదే తమ గడప దాటదని అమ్మగారు వచ్చినవాళ్లందరికీ మడి చూపించి మరీ గొప్పలు పోతుంది. కూర ఏపుగానే పెరుగుతుంది. కోతకొచ్చినప్పుడల్లా ఆవిడే స్వయంగా తోటామె సంచి నింపుతుంది. ఎంత మంచి మనసో అనుకుని ఈ పిచ్చిది ఇంటికి మోసుకెళ్లేది. తల్లి కూర వలుస్తుంటే పక్కన కూర్చున్న పిల్ల లేత ఆకులు పచ్చివే నమిలేది.

"కుక్క పెంటలో పురుగుల గుడ్లుంటాయి. అవి పిల్ల కడుపులోకి పోయి, పురుగు కంటిదాకా పాకింది. ఎడమ కన్ను బాగవుతుందో లేదో చెప్పలేను. తినే మొక్కలకి ఎవరైనా అది వేస్తారా? కవర్లో మూటకట్టి చెత్తబండిలో వేస్తే పోయేదిగా!" అని డాక్టరమ్మ పొద్దున తోటామెనే తిట్టింది. తిట్లు తినాల్సినవాళ్లు అక్కడ లేరు మరి.

కుళాయి దగ్గర వంటామె కూర కడుగుతోంది. అంగడి నుంచి తెచ్చిన కట్ట.

"అదేంటక్కా, ఇంట్లో ఇంత కూరుంటే కొన్నారా?"

"మడిలోది ఈ ఇంట్లో పొయ్యెక్కదు. పెంట కూర మనమెలా తింటామని అమ్మగారు మొదట్లోనే అంది. నీకు తెలుసనుకున్నానే."

తోటామె చేట కింద పడేసింది. తెలియక పెట్టి ఉంటే ఏడ్చి ఊరుకునేది. తమ నోటికి పనికిరాదని తెలిసే పెట్టారు, పైగా దయ అన్నారు. ఇలాంటి దయ పాడుగాను!

అమ్మగారు మెట్లు దిగి వచ్చింది. "ఇప్పుడా రావడం? అది మడిలో పూడ్చి, కూర కోసుకుపో. ముదిరిపోతోంది."

"ఈ కూర మీరెందుకు తినరమ్మా?"

"మాకు పడదులే."

"నా కూతురికీ పడలేదమ్మా. కన్ను పోయేలా ఉందట."

అమ్మగారి మొహంలో రంగు మారింది. అది కాసేపే. "కడుక్కుని తినాలి గానీ నన్నంటావేంటి? ఇష్టం లేకపోతే మానెయ్. నీలాంటివాళ్లు వీధికి పదిమంది."

పని పోతే పిల్లకు మందులెలా? అయినా తోటామె పార అందుకుంది. మడిలో ఒక పక్క నుంచి మొక్కల్ని వేళ్లతో సహా పెకలించసాగింది.

"మతిపోయిందా నీకు? ఆపు!"

తోటామె ఆపలేదు, తల కూడా ఎత్తలేదు.

"ఆ పదిమందికీ పిల్లలుంటారమ్మా" అంది.